అత్త రాసిన మూడో పుస్తకం

సమాధి కూటంలో చర్చి అయ్యగారు ఆమె గురించి పదకొండు నిమిషాలు మాట్లాడారు. నేను వాచీ చూశాను. సాత్వికురాలు అన్నారు. మితభాషి అన్నారు. సంఘం మాట ఏనాడూ జవదాటని సహోదరి అన్నారు. శవపెట్టె తప్పుడు ఇంటికి వచ్చిందేమోనని నేను మెడ సాచి ఒకసారి చూసుకున్నాను. ఆమే. మా నాయన నా తొడ గట్టిగా గిల్లాడు. నవ్వొద్దని గిల్లాడనుకున్నాను. పక్కకు తిరిగి చూస్తే, ఆయనే నవ్వు ఆపుకోలేక చేతికి దొరికింది పట్టుకున్నాడు.

ఆమె పేరు రాయను. రాస్తే "ఎవుర్ని అడిగి రాసినావప్పా?" అంటుంది. చనిపోయినంత మాత్రాన అడగడం మానేసే మనిషి కాదు. పిల్లలందరం అత్తా అనేవాళ్ళం. మా నాయనకు ఆమె అక్కా కాదు, చెల్లెలూ కాదు. మూకండపల్లిలో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఇల్లు, ఆదివారం ఒకే చర్చి. చుట్టరికం అంతే.

కరోనాలో బడులు మూసేశారు. మా నాయనా, అత్తా, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసే ఇంకొకాయనా కలిసి తమ పిల్లల్ని అత్త వాళ్ళ ముందుగదిలో కూర్చోబెట్టారు. నేను, అత్త కూతురు రూతు, గ్రానైట్ ఆయన కొడుకులిద్దరు. తరువాత బడులు తెరిచారు. మేం నలుగురం ఆ సంగతి గమనించలేదు. ప్రార్థన చేసి తీసుకున్న నిర్ణయం అని పెద్దవాళ్ళు అంటారు. గమనించకపోవడం అని నేనంటాను.

మా సిలబసు ఒక అట్టపెట్టె. బెంగళూరు వదిలి వెళ్ళిపోతున్న కుటుంబమొకటి దాన్ని అత్తకు ఇచ్చి పోయింది. ఇంట్లోనే చదువు చెప్పుకునే క్రైస్తవుల కోసం ఎక్కడో విదేశంలో వేసిన పుస్తకాలు. చరిత్ర, బైబిలు రెండూ కలిపి సృష్టి దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పుకొస్తాయి. అంతా ఇంగ్లీషు. అత్త వాక్యం మీద వేలు పెట్టి చదివేది, డిక్షనరీ తిప్పేది, తెలుగులో చెప్పేది. ఆపైన ప్రతి పాఠానికీ ఒకటే ప్రశ్న.

"ఇది ఎవురు చెప్పినారు? చూసినోళ్ళా, విన్నోళ్ళా?"

చూసినవాళ్ళయితే నోటుబుక్కులో ఆ మాట కింద ఒక గీత. విన్నవాళ్ళయితే రెండు గీతలు. గ్రానైట్ ఆయన పెద్దకొడుకు ఒకసారి భయపడుతూ అడిగాడు.

"అత్తా, బైబిల్ని కూడా ఇట్ల అడగొచ్చా?"

"సువార్త రాసినాయనే చూసినోళ్ళని అడిగి రాసినానని చెప్పుకున్నాడు. ఆయన అడిగింది తప్పు కాకపోతే నువ్వు అడిగేది తప్పెట్లయితాదప్పా?"

ఈ పద్ధతిలో నాకు నష్టం ఎక్కువ. స్నానం చేశాననీ హోంవర్కు చేశాననీ నేను చెప్పిన ప్రతి మాట కిందా రెండు గీతలు పడేవి.

మనిషి పొట్టి. కొప్పులో పువ్వుకు బదులు పెన్సిలుండేది. కోపం వస్తే గొంతు పెంచేది కాదు. పెన్సిలు బయటికి తీసి బ్లేడుతో చెక్కేది. కొత్త పెన్సిలు బుధవారానికే బొటనవేలంత అయిందంటే ఆ వారం ఎవరికో మూడిందని అర్థం. ఆమె చిన్నప్పుడు ఎక్కడ చదివింది, ఏం చదివింది అని అడిగితే "నా చరిత్ర పరీక్షకు రాదు, గమ్మునుండు" అనేది. కాబట్టి అవన్నీ నాకు తెలియవు. తెలిసింది చెబుతాను.

నోవహు ఓడ పాఠం వచ్చింది. పొడవు మూడు వందల మూరలు. ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళి తాడుతో కొలిచి చూడమని పుస్తకం చెప్పింది. మాకు మైదానం లేదు, వీధి ఉంది. అత్త వీధిలో పోతున్న పూలామెను కేకేసి పిలిచింది. మూర కొలవడమే ఆమె బతుకు కదా, మనకెందుకు లెక్క తప్పడం అని. పూలామె బుట్ట దించి, మోచేతి నుంచి వేలి కొస దాకా, మోచేతి నుంచి వేలి కొస దాకా, మూడు వందల సార్లు తాడు కొలిచింది. ఓడ మా గుమ్మం దగ్గర మొదలై, పిండిమిల్లు దాటి, మటన్ కొట్టు దాటి, బస్టాపు దగ్గర ఆగింది. దిగేవాళ్ళతో "చూసి దిగండప్పా, ఓడ ముందర కొస" అని చెప్పడం నా పని.

అయితే పూలమ్మేవాళ్ళ మూర ఎప్పుడూ నాలుగు వేళ్ళు తక్కువ. ఇది అందరికీ తెలుసు. గ్రానైట్ ఆయన చిన్నకొడుక్కు దిగులు పట్టుకుంది.

"ఇందులో ఏనుగులు పడతాయా?"

"పిల్లేనుగులైతే పడతాయి కన్నూ" అంది పూలామె, ఏమాత్రం తొణక్కుండా. "పెద్దవి కావాలంటే కొలతకు వేరే రేటు."

అత్త అంతలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు వీధిలో సగం మంది ఓడ లోపల నిలబడి కూరగాయలు కొన్నారు. ఇంట్లో చదువుకునే పిల్లలు పాపం ఒంటరివాళ్ళని ఎవరైనా జాలిపడితే నేను ఈ వీధి సంగతి చెబుతాను.

మా కథంతా నడిచింది ఆ అట్టపెట్టెలోని లోటు మీద. పెట్టె మీద నాలుగు పుస్తకాలని రాసి ఉంది. లోపల ఉన్నవి మూడు. రెండో పుస్తకం ఆఖర్న రోము కూలిపోయింది. తరువాతిది తీస్తే దాని మీద నాలుగు అని ఉంది, మొదటి పేజీలోనే అచ్చుయంత్రం తిరుగుతోంది. మధ్యలో వెయ్యేళ్ళు లేవు. రోములో దుమ్ము అణగకముందే పక్కసందులో ఎవరో ప్రెస్సు పెట్టుకున్నారని నేను అనుకున్నాను.

"బెంగళూరుకు ఫోన్ చేసి అడుగుదామా అమ్మా?" అంది రూతు.

"ఆ వెయ్యేండ్లు ఈడ మనుషులు లేకుండా పోయినారా? ఉండేది ఈడనే ఉంటాది. ఎతుకుదాం."

పొడుగు నోటుబుక్కు ఒకటి తెచ్చి, అట్ట మీద "మూడో పుస్తకం" అని రాసి, లోపల "ఒకటో పాఠం" అని రాసి, కింద ఖాళీ వదిలేసి, మమ్మల్ని కృష్ణగిరి బస్సెక్కించింది.

ఆ ఏడాది మేం తిరిగినంత ఎవరూ తిరిగి ఉండరు. కొండ మీద కోటగోడలు, పోరాడి చచ్చినవాళ్ళ గుర్తుగా చెక్కి, మ్యూజియంలో వరసగా నిలబెట్టిన వీరగల్లులు, పొలాల్లో పడి ఉన్న శాసనాలు. పదకొండో పాఠం కావేరిపట్టణం దాటాక ఒక మామిడితోట గట్టు మీద దొరికింది. నా ఛాతీ ఎత్తు రాయి. దాని మీద కత్తి పట్టిన మనిషి, ఒంటినిండా బాణాలు. కాళ్ళ దగ్గర ఆవులు. పై అరలో అదే మనిషిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టి పైకి తీసుకుపోతున్నారు. ఊరివాళ్ళు అతన్ని వేడియప్పన్ అని మొక్కుతారు. మేం వెళ్ళేసరికి తోట గలావిడ కర్పూరం వెలిగిస్తోంది. మా చేతుల్లోని బైబిళ్ళను చూసింది.

"మీరు కిరస్తానోళ్ళు కదమ్మా. ఈడేం పని?"

"మొక్కేకి రాలేదవ్వా. అడిగేకి వచ్చినాము. ఈయప్ప ఎవురు?"

"ఊరి ఆవుల్ని దొంగలు తోలుకుపోతా ఉంటే అడ్డం పోయి చచ్చినోడు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"మా అత్త."

"ఆమెకు?"

"వాళ్ళత్త. ఇంగా పైకి పోవల్లంటే నువ్వే పో. నాకు మోకాళ్ళ నొప్పి."

అత్త ఆ మాట కింద రెండు గీతలు గీసింది. తరువాత రాయి ముందు చాలాసేపు గొంతుక్కూర్చుని, "ఇది మాత్రం చూసినోళ్ళు చెక్కించిందప్పా" అని, రాయి బొమ్మ కింద ఒకటే గీత గీసింది. కాగితం పరిచి బొగ్గు రుద్దుతూ మేం ఆవుల అచ్చు తీసుకున్నాం.

ఆ ఎండాకాలం బెంగళూరులో ఇంటి చదువుల కుటుంబాల కూటం జరిగింది. ఎక్కువమంది అదే సెట్టు చదివేవాళ్ళు. ఈసారి అంశం మూడో పుస్తకం. పిల్లలు అందులో ఒక పాఠం వేషం కట్టి చూపాలి. అట్టముక్కల కవచాలు తొడుక్కుని ఒక పాతికమంది యూరపు వీరులు వచ్చారు. కిరీటాల రాణులు, గోనెగుడ్డ సన్యాసులు, ఒక ప్లేగు రోగి. తరువాత మా వంతు. రూతు వీరుడు. అన్నదమ్ములిద్దరూ దొంగలు. నేను ఆవు.

నాకు మాటలు లేవు. అయినా నాదే ముఖ్యపాత్ర. నా కోసమే అతను చచ్చింది.

అయిపోయాక నిర్వాహకురాలు మర్యాదగానే అడిగింది, ఇది మూడో పుస్తకంలో ఎన్నో పాఠం అని.

"పదకొండు" అంది అత్త.

"పదకొండు కోటలూ గుర్రపు వీరులూ కదండీ?"

"మాదీ అదే. కోట లేదు, గుర్రం లేదు. వీరుడుండాడు."

హాల్లో కొందరు నవ్వారు. చివరి వరుసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మా నాయన నవ్వలేదు. ఆయనది ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. డ్రాయింగ్‌లో ఉన్న కొలతకు వచ్చిన వస్తువు వెంట్రుకవాసి తేడాగా ఉన్నా పక్కన పెడతాడు. ఆయన దృష్టిలో పుస్తకం అంటే డ్రాయింగు. అందరి పిల్లలూ డ్రాయింగు ప్రకారం తయారై వచ్చారు, తన కొడుకు ఆవై వచ్చాడు.  తిరుగు బస్సులో ఆయన ఒళ్ళో ఒక పుస్తకం ఉంది. నిర్వాహకురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న అసలైన మూడో పుస్తకం.

అత్తను నిలదీయడానికి ముందు వచ్చింది అయ్యగారు. కర్పూరం దగ్గర మమ్మల్ని ఎవరో చూసి చెప్పారట. అత్త ముందుగదిలో కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, తను నేల మీద కూర్చుని పెన్సిలు తీసింది. మేం పుస్తకాలు మూసేశాం.

"పిల్లల్ని విగ్రహాల దగ్గరికి తీసకపోతావుండావంట కదమ్మా."

"ఐగుప్తు పాఠంలో విగ్రహాల బొమ్మలు ముప్పై ఉండాయి అయ్యగారూ. అవి పుస్తకంలో ఉంటే చదువు, గట్టు మీద ఉంటే పాపమా?"

"సంఘానికి ఇది అభ్యంతరం. ఇట్లయితే సండే స్కూలు నీ చేతిలో పెట్టలేము."

ఆమె పదమూడేళ్ళుగా సండే స్కూలు చెబుతోంది. ఆదివారం చర్చికి ఆమె మా అందరికంటే గంట ముందు పోయేది, బెంచీలు తుడిచేది. పెన్సిలు పొట్టు నేల మీద రాలుతూనే ఉంది.

"తీసేయండి. చర్చి తాళంచెవి ఆ మేకుకుండాది, తీసుకోండి."

అయ్యగారు తీసుకున్నారు. టీ తాగకుండా పోయారు. మరుసటి ఆదివారం ఆమె మామూలు టైముకే వచ్చి, మామూలు మనుషుల్లాగా వెనక బెంచీలో కూర్చుంది. పాటలు మాత్రం అందరికంటే గట్టిగా పాడింది. సమాధి కూటంలో ఆ పదకొండు నిమిషాల్లో లేనిది ఇదే. సండే స్కూలు పదమూడేళ్ళు చెప్పిందన్నారు. ఎందుకు ఆగిందో చెప్పలేదు.

తరువాత మా నాయన. అసలు పుస్తకం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదమ్మా మూడోది. ఇంక దీన్నే చెప్పు. నీ నోటుబుక్కు పక్కన పెట్టేయ్. కాదంటే పిల్లోడ్ని స్కూల్లో వేస్తాను. వచ్చే సోమవారం అడ్మిషన్లకు ఆఖరి దినం."

నేను పోతే గ్రానైట్ ఆయన కొడుకులూ పోతారు. ఆయన ఆ మాట ముందే చెప్పాడు. మిగిలేది ఆమె, ఆమె కూతురు, ఒక అట్టపెట్టె. సండే స్కూలు పోయిన మనిషికి ఇదీ పోతే చెప్పడానికి పిల్లలే ఉండరు. పిల్లలు లేని రోజును ఆమె ఏం చేసుకుంటుందో మాలో ఎవరికీ ఊహకు రాలేదు. నాకైతే స్కూలు పాతదే, తెలిసిందే. మూడేళ్ళ కిందట ఆరో క్లాసు బయట వరండాలో నిలబడిన గంటలన్నీ కలిపితే నాకు అక్కడ సొంత స్థలం ఉన్నట్టే. అయినా ఆ వారం నేను ఒక్క జోకు కూడా వేయలేదు. మా అమ్మ జ్వరమేమోనని చెయ్యి పెట్టి చూసింది.

ఐదు రోజుల్లో అత్త ఆ లావుపాటి పుస్తకం మొత్తం చదివింది. వేలు పెట్టుకునే చదివింది. శుక్రవారం సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"చదివినాను అన్నా. బాగుండాది. భలే బాగుండాది. ప్లేగు పాఠం చదివి ఏడ్చినాను."

"అట్లయితే చెప్తావు."

"చెప్తాను. ప్రతి పేజీ చెప్తాను. నాదీ ఆపను."

"డ్రాయింగ్‌లో లేనిది తయారుచేస్తే దాన్నేమంటారో తెల్సునా అమ్మా? స్క్రాప్ అంటారు."

"సరే. ఆ వెయ్యేండ్లలో మన పక్క గురించి దీంట్లో ఎంతుండాదో మీరు చూసినారా?"

చూడలేదు. ఆమె పేజీ తిప్పి చూపింది. మన దేశం మొత్తానికి కలిపి ఒకటిన్నర పేజీ. అందులో సగం పులి బొమ్మ.

"ఈ డ్రాయింగు గీసినోళ్ళు ఈడికి వచ్చి కొలిచినారా అన్నా?" అంది. "కొలవకుండా గీసిన డ్రాయింగు వస్తే మీ ఫ్యాక్టరీలో ఏం చేస్తారు?"

 శనివారం పొద్దున మా నాయన ఇనుప టేపు జేబులో వేసుకుని మాతోపాటు బస్సెక్కాడు. నమ్మి కాదు. తప్పు పట్టుకోవడానికి. ఇన్‌స్పెక్టర్లు దేని దగ్గరికైనా అందుకే పోతారు.

గట్టు మీద రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తోట గలావిడ మొక్కుతున్నాడనుకుని కుంకుమ తెచ్చింది. ఆయన టేపు సాగదీశాడు. ఎత్తు, వెడల్పు, కత్తి పొడవు, ఒక్కో ఆవు. చెబుతుంటే రూతు రాసుకుంది. ఒక ఆవు మిగతావాటికంటే రెండు వేళ్ళు పెద్దదని తేల్చాడు. అది నేనేనని మనవి చేశాను, ఎవరూ పట్టించుకోలేదు. గంట గడిచింది. అప్పుడు టేపు మూసేసి, తల పక్కకు వాల్చి, ఎంతోసేపు చూశాడు.

"ఈయన ఎడం చేతివాటమోడు" అన్నాడు.

మేమంతా ముందుకు వంగాం. కత్తి ఎడమచేతిలో ఉంది. నాలుగుసార్లు వచ్చి, బొగ్గు రుద్ది, వేషం కట్టి, బెంగళూరులో ఆడి కూడా మేం చూడలేదు. రూతు కత్తి కుడిచేత్తోనే తిప్పింది.

"చెక్కినోడు ఎరిగినోడేనమ్మా" అన్నాడు మా నాయన మెల్లగా. "ఎరగనోడైతే కత్తి కుడిచేతిలోనే పెట్టేవాడు."

అత్త నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది.

మా నాయన ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. డ్రాయింగుకు తేడాగా వచ్చినా వస్తువు పనికొస్తుందని నమ్మకం కుదిరితే పారేయరు. కాగితం మీద 'తేడా ఉంది, అంగీకరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి పంపిస్తారు. ఆయన ఏడాదికి ఒకటో రెండో పెడతాడు. ఇంట్లో మాకెవరికీ ఇంతవరకు దక్కలేదు. పదకొండో పాఠం కింద ఆయన అదే రాశాడు. 'పుస్తకానికి తేడా ఉంది. అంగీకరించడమైనది.' తేదీ వేశాడు, సంతకం పెట్టాడు. గెలిచాం అనుకున్నాను. గ్రానైట్ ఆయన చిన్నకొడుకు చప్పట్లు కూడా కొట్టాడు.

అత్త చదివింది. నోటుబుక్కు తిరిగి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇది నాకొద్దన్నా."

"ఇంకేం కావల్లమ్మా? ఒప్పుకున్నాను కదా."

"తేడా అని రాసి ఒప్పుకున్నారు. ఈ రాయి ఎనిమిది వందల ఏండ్ల నుంచి ఈడనే నిలబడి ఉండాది. పుస్తకం పోయినేడు అచ్చయింది. తేడా ఎవురిదో మీరే కొలిచినారు కదా."

"నేను సంతకం చేసినాను. కొట్టేసేది లేదు."

"అట్లయితే సోమవారం పిల్లోడ్ని స్కూల్లో వేయండి. మా పాఠాన్ని తప్పు కింద రాసి పాస్ చేయొద్దు."

 చేతికొచ్చిన దాన్ని ఇలా వద్దనే మనిషిని నేను చూడలేదు. ఆవిడ చేతిలో పెన్సిలు కూడా లేదు, చెక్కడానికి. ఉత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తోట గలావిడ ఇద్దరి ముఖాలూ చూసి, ఆస్తి తగాదా అనుకుని దూరంగా జరిగింది.

మా నాయన రాయి వైపు చూశాడు. టేపు మళ్ళీ తెరిచాడు, ఏమీ కొలవకుండా మూశాడు. తరువాత తను రాసిన వాక్యాన్ని ఒకే గీతతో కొట్టేశాడు. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాడు. అది నియమం. కింద కొత్తగా రాశాడు.

'వస్తువు సరిగా ఉంది. డ్రాయింగు సవరించవలెను.'

అత్త చదివి, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, "బస్సు నాలుగున్నరకి. లేయండి" అంది.

సోమవారం పొద్దున, స్కూల్లో నా అప్లికేషను ఇవ్వాల్సిన వేళకు, మేం పన్నెండో పాఠంలో ఉన్నాం.